మండలం మండలం పరుగు: కోనసీమ చుట్టే రన్నర్ చెప్పే అపోహలు, వాస్తవాలు

ఒక ప్రాంతంలోని ఊళ్లన్నీ పరుగెత్తుతూ చుట్టేయాలన్న పిచ్చి కొందరికి ఉంటుంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 169 టౌన్లున్నాయి. ఒక్కో టౌన్లో ఒక్కో రేసు పూర్తిచేయాలని పట్టుబట్టిన రన్నర్లకు అక్కడ ఏకంగా ఒక క్లబ్బే ఉంది. మనకి ఊరూరా రేసులెక్కడివి? సంక్రాంతికి పందేలు పెడతారు గానీ టెన్‌కే రన్ ఎవరు పెడతారు! అందుకే నేను కోనసీమ జిల్లాని మండలాల వారీగా పట్టుకున్నాను. ఆదివారం తెల్లవారుజామున, వీలున్నప్పుడల్లా, ఏళ్ల తరబడి. ఈ పని గురించి పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబులివి.

అపోహ: ఇది మారథాన్లు చేసేవాళ్ల పని.

వాస్తవం: కాదు. పక్కవాడితో మాట్లాడుకుంటూ, మధ్యమధ్యలో నడుస్తూ ఎనిమిది, పది కిలోమీటర్లు లాగగలిగితే చాలు. ఇక్కడ టైము చూసేవాడు లేడు, మెడల్ ఇచ్చేవాడూ లేడు. ఏళ్లపాటు విసుగు పుట్టకుండా ఉండటమే కష్టం.

అపోహ: జాబితా ప్రభుత్వమే ఇచ్చింది, టిక్కులు పెట్టుకుంటూ పోవడమే.

వాస్తవం: అసలు తలనొప్పంతా ఇక్కడే. ‘పట్టణాలు’ మాత్రమే అనుకుంటే, జిల్లా ఏర్పడిన నాటి లెక్కన అమలాపురం, మండపేట, రామచంద్రపురం మున్సిపాలిటీలు, ముమ్మిడివరం నగర పంచాయతీ. నెల తిరక్కుండా అయిపోతాయి. గ్రామాలన్నీ అనుకుంటే, లంకలతో సహా, ఈ జన్మకి తేలదు. మధ్యేమార్గం మండలం. అదీ 1985లో తాలూకాల స్థానంలో వచ్చిందే తప్ప అనాదిగా ఉన్నదేం కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడినప్పుడు 22 మండలాలు. వాటిలో ఆలమూరు, మండపేట, కపిలేశ్వరపురం, రాయవరం, రామచంద్రపురం, కె.గంగవరం గోదావరి పాయ గౌతమికి అవతలి ఒడ్డున ఉన్నాయి. రాజోలు వైపు పెద్దవాళ్లని అడిగి చూడండి, “అది కోనసీమ ఎలా అవుద్దండీ?” అంటారు. వాళ్ల మాటా నిజమే. గౌతమికీ, మరో పాయ వశిష్ఠకీ మధ్యనున్నదే పాత లెక్కలో కోనసీమ. ఆ లెక్కన 16 మండలాలే మిగులుతాయి. నేను మాత్రం జిల్లా ఏర్పడిన నాటి 22 జాబితానే పట్టుకున్నాను. ఏ జాబితాతో మొదలుపెడితే ఆఖరుదాకా దానికే కట్టుబడాలి. గీతలు ప్రభుత్వాలు మారుస్తూనే ఉంటాయి. తెలంగాణలో 2014లో 10 జిల్లాలు, 2019 నాటికి 33. మధ్యలో గీత మారిందని మళ్లీ మొదటికొస్తే ఇక తెమిలినట్టే!

యానాం సంగతీ అడుగుతుంటారు. ఐ.పోలవరం మండలంలోని ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరిలో అడుగుపెట్టినట్టు. వంతెన మీద గాలికి పరుగు మహా హాయిగా ఉంటుంది, కానీ ఆ కిలోమీటర్లు ఐ.పోలవరం ఖాతాలో పడవు.

ఇక ‘మండలం అయింది’ అనడానికి నా రూలు: ఆ మండలంలో కనీసం ఐదు కిలోమీటర్ల పరుగు, మండల పరిషత్ ఆఫీసు బోర్డు దగ్గర ఒక ఫొటో. పొలిమేర అవతల ఒక అడుగేసి వెనక్కొచ్చి అయిపోయిందనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల లెక్క వాళ్లది, నేనైతే ఒప్పుకోను.

అపోహ: డెల్టా అంతా బల్లపరుపు, అలవోకగా పరుగెత్తేయొచ్చు.

వాస్తవం: ఎక్కడానికి వంతెనలు, ఏటిగట్లు తప్ప ఏమీ లేని మాట నిజం. ఇబ్బందంతా ఉక్కతోనే. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరితోటల మధ్య నీడకేం లోటు లేదు, గాలే ఆడదు. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె దడ పెరుగుతుంది. మామూలు వేగం పక్కనపెట్టి తగ్గాల్సిందే. ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో సముద్రం వైపు వెళ్తే దీనికి పూర్తిగా తిరగబడుతుంది. గాలి బోలెడు, అదీ ఎదురుగాలి. రొయ్యల చెరువుల మధ్య నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు తప్ప చెట్టనేది కనపడదు. ఆ మండలాలు చలికాలానికి అట్టిపెట్టుకోండి.

కాలవగట్టు రోడ్లు చాలాచోట్ల ఒక పక్కకి వాలి ఉంటాయి. గంటసేపు ఒకే అంచున పరుగెత్తితే ఒక మోకాలే పట్టేస్తుంది. ఎదురొచ్చే బళ్లు కనపడాలంటే కుడివైపే ఉండాలి కాబట్టి, బళ్లు లేని చోట నడిరోడ్డు మీదికి వచ్చి మోకాలికి విశ్రాంతినివ్వండి. కోతల రోజుల్లో రోడ్డులో సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. చుట్టూ రాళ్లు, పక్కన మడిచిపెట్టిన బరకం. రోడ్డు మీద మనకెంత హక్కుందని లెక్కలు తీయకుండా ధాన్యం తొక్కకుండా దిగిపోవడం మర్యాద.

అపోహ: పరుగే పెద్ద పని.

వాస్తవం: వెనక్కి రావడం పెద్ద పని. దగ్గర మండలాలు అయిపోయాక ప్రతి ఆదివారం బస్సు టైముల చుట్టూనే తిరుగుతుంది. ఏరు అడ్డొస్తే మ్యాపు మీద దూరానికి అర్థమే లేదు. ముక్తేశ్వరం రేవులో నిలబడితే అవతల కె.గంగవరం మండలంలోని కోటిపల్లి కనపడుతూనే ఉంటుంది. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిస్తే కాసేపట్లో అవతల ఉంటారు. పంటు ఆపేస్తే అటు రావులపాలెం వంతెన, ఇటు ఎదుర్లంక వంతెన, రెండిట్లో ఏదో ఒకటి చుట్టి రావాలి. గోదావరికి వరదొస్తే ముందు ఆపేది పంటునే. కనకాయలంక కాజ్‌వే లాంటివీ మునుగుతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా లంకల జోలికి, రేవుల జోలికి వెళ్లకుండా ఆత్రేయపురం, కొత్తపేట లాంటివి పెట్టుకుంటాను. ఆత్రేయపురమైతే పరుగయ్యాక పూతరేకులు కూడా కొనుక్కోవచ్చు. ఖర్చయిన క్యాలరీలన్నీ అక్కడే తిరిగొచ్చేస్తాయనుకోండి.

నేనైతే ముందు బస్సో ఆటోనో ఎక్కి దూరపు కొసకి వెళ్లిపోయి, ఇంటి వైపు పరుగెత్తుతాను. అలసిపోయేసరికి ఊరు దగ్గరపడుతుంది, తడిబట్టలతో బస్సులో కూర్చునే బాధా తప్పుతుంది.

అపోహ: కుక్కలు కనపడితే వేగం పెంచి తప్పించుకోవాలి.

వాస్తవం: కుక్కని మించి పరుగెత్తలేం. పరుగు ఆపండి, నడవండి, వీపు తిప్పకుండా మెల్లగా దాటండి. తొంభై పాళ్లు అది తన వీధి చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. కరిచినా, గోరు గీసుకున్నా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. పసుపు, కారం, నాటువైద్యం ఏవీ వద్దు.

అపోహ: ఖరీదైన వాచీ, బూట్లు లేకపోతే కుదరదు.

వాస్తవం: వాచీ అక్కర్లేదు, దారి నమోదు చేయడానికి ఫోను చాలు. బూట్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు.

అపోహ: పల్లెల్లో చూసి నవ్వుతారు.

వాస్తవం: నవ్వరు, జాలిపడతారు. “బస్సు తప్పిందాండీ?” అని మొదటి ప్రశ్న. తర్వాత బండి ఆపి, “ఎక్కండి మాస్టారూ, రాజోలు సెంటర్లో దింపేత్తాను” అంటారు. సరదాకి పరుగెత్తుతున్నానంటే అస్సలు నమ్మరు, మొహమాటపడుతున్నాననుకుని ఇంకా బలవంతం చేస్తారు. మండలాల లెక్క వివరించబోతే పరుగు ఆగిపోయి అరగంట కబుర్లవుతాయి. “డాక్టరు గారు చెప్పారండి, షుగరు” అనండి. “ఆయ్, అయితే కానీండి” అని వెళ్లిపోతారు.