ఠప్పుమనే దాకా గింజలో ఏం జరుగుతుంది?

"కోళ్ల దాణాలో వేసే మొక్కజొన్నలు బాణలిలో వేయిస్తే మాడాయి గానీ పేలలేదు. పాప్‌కార్న్ ప్యాకెట్‌లో గింజలేమో ఠపఠపా పేలాయి. రెండూ మొక్కజొన్నే కదా?" అని తొమ్మిదో తరగతి చదివే ఓ పాఠకురాలు అడిగింది.

గింజలో తడి ఉంటుంది, వేడికి ఆవిరవుతుంది, ఆ ఒత్తిడికి పొట్టు పగులుతుంది. క్లాసులో చెప్పే జవాబు ఇంతే. తప్పేమీ లేదు. కానీ ఆ లెక్కన దాణా మొక్కజొన్న కూడా పేలాలి. దానిలోనూ తడి ఉంది, దానికీ పొట్టు ఉంది. ఈ అమ్మాయి సరిగ్గా అక్కడే పట్టుకుంది.

ప్రెషర్ కుక్కర్ సంగతి చూడండి. విజిల్ వేసే వేళకి లోపలి పీడనం బయటి గాలికి దాదాపు రెట్టింపు, వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 100 దాటినా లోపలి నీరంతా ఆవిరైపోకుండా ఆపుతున్నది బిగించిన మూత. పాప్‌కార్న్ గింజకి ఆ మూత పొట్టే. దీనికి విజిల్ లేదు, గ్యాస్కెట్ లేదు, సేఫ్టీ వాల్వ్ అసలే లేదు. లోపల పోసిన నీళ్లు ఎన్నంటే, గింజ బరువులో సుమారు 14 శాతం. గింజ పేలే 180 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 10 అట్మాస్ఫియర్లు, అంటే బయటి గాలికి పది రెట్లు, కుక్కర్‌కి అయిదు రెట్లు. కుక్కర్ గోడ దళసరి అల్యూమినియం. గింజ గోడ మిల్లీమీటరులో ఆరో వంతు మందం ఉన్న పొట్టు!

ఇక్కడ చిన్న లెక్క చేయకుండా ఉండలేను. పలుచని గోళం లోపల పీడనం ఉంటే, దాని గోడ అడ్డుకోతలో ఒక్కో వైశాల్య ప్రమాణాన్నీ సాగదీసే బలం ఎంతో, పీడనం, వ్యాసార్ధాల లబ్ధాన్ని మందానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. పీడనం 1 మెగాపాస్కల్ (10 అట్మాస్ఫియర్లంటే దాదాపు ఇంతే), వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లు, మందం 0.16 మిల్లీమీటరు వేసి చూడండి. 9.4 మెగాపాస్కల్‌లు వస్తుంది. అంటే పొట్టు అడ్డుకోతలో ఒక్కో చదరపు మిల్లీమీటరూ దాదాపు కిలో బరువుని మోస్తున్నట్టు. అక్కడితో దాని ఓపిక అయిపోతుంది. గింజ పెద్దదైతే పొట్టూ కాస్త మందంగా ఉంటుంది కాబట్టి వ్యాసార్ధానికీ మందానికీ నిష్పత్తి పెద్దగా మారదు. అందుకే చిన్నవీ పెద్దవీ ఇంచుమించు ఒకే వేడి దగ్గర పేలతాయి. ఫ్రాన్స్‌లో ఇద్దరు పరిశోధకులు హైస్పీడ్ కెమెరా పెట్టి చూసి 2015లో ప్రచురించిన ఫలితం ఇదే చెప్పింది. 170 డిగ్రీల దగ్గర 34 శాతం గింజలే పేలాయి, 180 దగ్గర 96 శాతం. పది డిగ్రీల్లో అంత తేడా!

ఇప్పుడు దాణా మొక్కజొన్నకి వద్దాం. దాని పొట్టుకి అంత బలం లేదు. లోపలి పిండి మెత్తగా, గుల్లగా ఉంటుంది. 10 అట్మాస్ఫియర్లు కూడేలోపే ఆవిరి ఎక్కడో దారి వెతుక్కుని జారిపోతుంది. గ్యాస్కెట్ పాడైన కుక్కర్ ఎంతసేపు పొయ్యి మీద ఉన్నా విజిల్ వేస్తుందా? పాప్‌కార్న్ రకంలో పొట్టు బలమైనది, లోపల ఎక్కువ భాగం గాజులా గట్టి పిండి.

పొట్టు చీలడంతో కథ సగమే అయింది. ఆ వేడికీ తడికీ లోపలి పిండిపదార్థం అప్పటికే ఉడికి జిగటముద్దగా మారి ఉంటుంది. పీడనం ఒక్కసారిగా పడిపోగానే అందులోని నీరు ఆవిరై ముద్దని నురగలా ఉబ్బిస్తుంది. వేగంగా వ్యాకోచించే ఆవిరి తనంతట తానే చల్లబడుతుంది కాబట్టి ఆ నురగ ఉబ్బినచోటే గట్టిపడిపోతుంది. మనం తినేది గట్టిపడ్డ నురగన్నమాట. బయటి గాలి పీడనం తగ్గించి పేలిస్తే పువ్వు ఇంకా పెద్దదవుతుందని ప్రయోగాల్లో తేలింది. ఇక ఆ 'ఠప్' శబ్దం పొట్టు పగిలినందుకు వచ్చేది కాదట, ఆవిరి ఒక్కసారిగా బయటపడినందుకట. 2015 పరిశోధనలో నాకు బాగా నచ్చిన ముక్క ఇది.

తుపాకీ పేలుతుంది, టైరు పేలుతుంది, సినిమాలో జోకు పేలుతుంది, ఎండలకి ఒళ్ళు పేలుతుంది, వాగుతున్నవాణ్ణి "ఎక్కువ పేలకు" అంటాం. ఈ గుంపులో మన గింజకి దగ్గరి చుట్టం టైరే. తుపాకీలో మందు మండాలి, రసాయన చర్య జరగాలి. టైరులోనూ గింజలోనూ ఏదీ మండదు, గోడ ఓడిపోతుంది అంతే.

తొలి ఏకాదశికి చేసే జొన్నపేలాల సంగతీ ఇదే. ఆ రోజు పేలాల పిండి తింటే వానాకాలంలో ఒంట్లో వేడి పుడుతుందని, అది పూర్వీకుల సైన్స్ అని ఏటా వాట్సాప్‌లో తిరుగుతుంది. పేలాల్లో ప్రత్యేకమైన వేడి ఏమీ లేదు. బెల్లంతో కలిపి దంచితే బాగుంటుంది, తినడానికి ఆ కారణం చాలదా? అసలు సైన్స్ ఆ మెసేజ్‌లో లేదు, జొన్నల మీద నీళ్లు చిలకరించి కాసేపు ఉంచిన చేతిలో ఉంది. ఎండిపోయిన గింజలో ఆవిరికి సరుకు ఉండదు. తడి మరీ ఎక్కువైతే పొట్టు మెత్తబడి ముందే చీలిపోతుంది, పువ్వు చిన్నదవుతుంది. మంగలం బాగా కాగాక గింజలు పోయడానికీ కారణం ఉంది. సన్నని సెగ మీద ఆవిరి మెల్లగా కారిపోతుంది.

మరి పొట్టే లేని బియ్యం? బొరుగుల కోసం ఉప్పుడు బియ్యాన్ని సెగలు కక్కే ఇసుకలో వేస్తారు. ఆవిరి తప్పించుకునేంత వ్యవధి ఇవ్వకపోవడమే అక్కడి కిటుకు. అమెరికాలో అలెగ్జాండర్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త ఇంకో దారి పట్టాడు. గింజకి పొట్టు లేకపోతే లోహపు పొట్టు తొడుగుదాం అన్నట్టు, మూసిన గొట్టంలో ధాన్యాన్ని వేడిచేసి టక్కున తెరిచాడు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో కంచు ఫిరంగులతో జనం ముందే బియ్యం పేల్చి చూపించారు.

ఆ అమ్మాయికి ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. ఇరవై పాప్‌కార్న్ గింజలు తీసుకుని, పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని, వాటిలో పది గింజలకి సూదితో పొట్టులో చిన్న రంధ్రం చెయ్యి. రెండు రకాలనీ విడివిడిగా, మూత పెట్టి ఒకే సెగ మీద వేయించు. రంధ్రం చేసినవాటిలో ఎన్ని పేలాయో లెక్కపెట్టి రాసి పంపు.