ఇంటి ముందు ప్రహరీ గోడ రిపేరు: జనం నమ్మేవి, సైటు మీద కనపడేవి

వానలు మొదలయ్యే ముందు వచ్చే ఫోన్లలో సగం ఇదే మాట, "ముందు గోడ పాడుగా కనపడుతోందండీ, ఒక కోటింగ్ కొట్టించి పైన రెండు వరసలు లేపేద్దాం, ఎంతవుద్ది?" అని. రేటు చెప్పే ముందు నేను అడిగేవి వేరే ఉంటాయి, పునాది ఎంత లోతు, లోపల మట్టి ఎంత ఎత్తు పోశారు, బయట ఫుట్‌పాత్ మీద జనం తిరుగుతారా. మూడో ప్రశ్నకి చాలామంది వింతగా చూస్తారు. అదేంటంటే, ఈ గోడ కూలితే ఎక్కువగా రోడ్డు వైపుకే కూలుద్ది, అప్పుడు కింద ఉండేది మనం కాదు, స్కూలుకెళ్లే పిల్లలో, గోడ నీడన బండి పెట్టుకున్న ఇడ్లీల ఆవిడో.

అపోహ: పాత గోడే కదా, పైన రెండడుగులు లేపితే ఏమవుద్ది?

అయ్యేది ఇదీ. గాలి గోడని తోసే తోపు మొదలు దగ్గర ఎత్తుకి వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే అయిదడుగుల గోడని ఏడడుగులు చేస్తే కింద పడే భారం దాదాపు రెట్టింపు. పునాది మాత్రం అదే పాతది, నాలుగున్నర అంగుళాల గోడ, ఎనిమిది పదడుగులకో పిల్లరు, ఆ పిల్లర్లో రాడ్డు వేశారో లేదో కట్టిన మేస్త్రికే తెలియాలి. నైరుతి వైపు ఎత్తుండాలని సిద్ధాంతి గారు చెప్పారంటారు, వాస్తుతో నాకు పేచీ లేదు, ఎత్తు కావాలంటే ఇటుక బదులు ఇనప గ్రిల్లు పెట్టుకోండి, గాలి దూరిపోద్ది, బరువూ తక్కువ. దానికీ పిల్లర్లు గట్టిగా ఉండాల్సిందే అనుకోండి.

అపోహ: లోపల తోటకి మట్టి పోస్తే గోడకి ఇంకా సపోర్టు

ఇదే అన్నిటికంటే ప్రమాదం, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. ప్రహరీ వేరు, మట్టిని ఆపే రిటైనింగ్ వాల్ వేరు. మామూలు ప్రహరీ తన బరువు మోసుకుని నిలబడటానికే కడతారు, పక్క నుంచి తోస్తే తట్టుకోవడానికి కాదు. రోడ్డు ఎత్తు పెరిగింది కదా అని ఇంటి ముందు మూడడుగులు మట్టి పోసి, లాన్ వేసి, రోజూ పైపు పెట్టి తడిపితే ఆ తడిమట్టి అంతా గోడని బయటికి నెడుతూ ఉంటుంది. మట్టి సంగతి వదిలేయండి, మూడడుగుల ఎత్తున ఉత్త నీళ్లే వెనక నిలబడినా గోడ పొడవు ప్రతి మీటరుకీ 400 కిలోలకి పైనే తోపు పడుతుంది. నడిరాత్రి పెద్ద వానలో గోడలు పడిపోయేది ఇందుకే, పిడుగు పడీ కాదు, దిష్టి తగిలీ కాదు.

2019 డిసెంబర్ 2న తమిళనాడు మెట్టుపాళయంలో భారీ వానకి ఒక ప్రహరీ గోడ పక్క ఇళ్ల మీద కూలి 17 మంది పోయారు. మన హైదరాబాద్ బాచుపల్లిలో 2024 మే 7న వానకి రిటైనింగ్ వాల్ పడి కూలీలు, వాళ్ల కుటుంబాల వాళ్లు కలిపి ఏడుగురు చనిపోయారు. ఇంకా మట్టిని ఆపడానికని కట్టిన గోడ సంగతే అలా ఉంటే, మన నాలుగున్నర గోడ ఏపాటి?

మట్టి తీసేయడమే మొదటి పని, గోడకి ఆనకుండా ఒక రెండడుగులు వదిలేసినా చాలా నయం. తీయలేం అంటే ఇంజినీర్‌తో డిజైన్ చేయించి రాడ్డు వేసిన ఆర్‌సీసీ గోడ కట్టాలి, వెనక కంకర పొర, అందులో నీళ్లు పోయే పైపు. వీప్ హోల్స్, అంటే వెనక నీళ్లు బయటికి పోవడానికి గోడలో వదిలే కన్నాలు, పెట్టేటప్పుడు ఒక్కటి చూసుకోండి, ఆ నీళ్లు ఫుట్‌పాత్ మీద కారి పాచి పట్టిందంటే నడిచేవాళ్లు జారిపడతారు, కాబట్టి పైపుల్ని కలిపి డ్రైన్‌లోకి తీసుకెళ్లాలి.

అపోహ: కింద పెచ్చులూడుతున్నాయి, పుట్టీ పెట్టి పెయింటేస్తే సరి

ఆరు నెలలకి మళ్లీ ఊడుద్ది. గోడ కింద రెండడుగులూ ఉబ్బి, గోరుతో గీరితే తెల్లటి ఉప్పు రాలుతుంటే అది నేలలోంచి ఇటుక పీల్చుకున్న చెమ్మ. పాత ఫుట్‌పాత్ తీయకుండా దాని మీదే పేవర్ బ్లాకులు పరుస్తూ పోతారు, ప్రతిసారీ లెవెల్ పెరుగుతుంది, ఎప్పుడో గోడలో చెమ్మ ఎక్కకుండా వేసిన పొర కాస్తా బయట లెవెల్ కిందకి పోతుంది. టైల్స్ అంటిస్తే ఇంకా ఘోరం, బయటికి ఆరే దారి లేక చెమ్మ టైలు దాటి పైకెక్కి అక్కడ ఉబ్బుతుంది. సుత్తి పిడితో గోడ మీద తట్టుకుంటూ పోండి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా, ఉప్పు గీత పైన ఇంకో అడుగు వరకు పాత ప్లాస్టరింగ్ పీకేయండి, ఎండాకాలంలో కొన్ని వారాలు ఇటుకని అలా వదిలేయండి, చూడటానికి బాగోదు, పర్లేదు. ఆరాకే కొత్త ప్లాస్టరింగ్, దానికి కనీసం వారం రోజులు పూటపూటా నీళ్లు కొట్టాలి.

ఇంకో మాట, గోడ పైన కోపింగ్, అంటే గోడ తల మీద కప్పే పలక, వేయించండి, రెండు వైపులా కొంచెం బయటికొచ్చి అడుగున నీటి గాడి ఉన్నది. వాన నీళ్లు గోడ మొహం మీద కారకుండా అంచు నుంచే చుక్కలుగా రాలిపోతాయి. అయ్యే ఖర్చుకి ఇంత ఉపయోగపడే పని ఇంకోటి లేదు, కానీ ఎవరూ అడిగి చేయించుకోరు, గ్రానైట్ అయితే అడుగుతారు! 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి అయిదు కిలోలు తూగుతుంది, క్లాంపులు లేకుండా ఉత్త సిమెంట్ పాలతో అంటిస్తే ఎప్పుడో ఒకరోజు ఎవరి కాలి మీదో పడుతుంది.

అపోహ: బీట ఏదైనా బీటే, సిమెంట్ పూసేస్తే పోతుంది

సాలెగూడులా సన్నటి గీతలైతే ప్లాస్టరింగ్‌వే, భయం లేదు. ఇటుకల అతుకుల వెంబడి మెట్లు మెట్లుగా దిగిందంటే పునాది కదిలింది. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే, వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే మట్టి అది. డ్రైనేజీ కోసమో కేబుల్ కోసమో ఫుట్‌పాత్ తవ్వినప్పుడు పునాది బయటపడి కూడా ఇలా అవుతుంది, తవ్వకం మొదలైతే వెళ్లి నిలబడి చూసుకోండి. బీటకి అడ్డంగా చిన్న గాజు ముక్క అంటించి పక్కన తేదీ రాయండి, గాజు విరిగిందంటే గోడ ఇంకా కదులుతోంది, పూతలు దండగ. పై నుంచి దారానికి కట్టిన తూకం గుండు వదిలి గోడ నిటారుగా ఉందో లేదో చూడండి, నాలుగున్నర గోడ అంగుళంన్నర బయటికి ఒరిగిందంటే నేనైతే పడగొట్టమనే చెప్తాను.

అపోహ: దేవుడి టైల్స్ పెడితే గోడ పాడుచేయరు

పక్కకి జరిగి పోస్తారు, అంతే. "ఇచట మూత్రము పోయరాదు" అని రాసినా అంతే. రాత్రి వెలిగే లైటు పెట్టి, గోడలో చీకటి మూల లేకుండా చూసుకుంటే కొంత పని చేస్తుంది.

అపోహ: గోడ బయట జాగా కూడా మనదే

కాదు. గోడే కాదు, పునాది మట్టు, కోపింగ్ అంచు, కాగితం పూల కొమ్మలు, అన్నీ మన హద్దు లోపలే ఉండాలి. గేటు లోపలికి తెరుచుకోవాలి, లేదా స్లైడింగ్. కారు ర్యాంపు ఫుట్‌పాత్ మీదకి దించితే వీల్‌చెయిర్ వాళ్లు, చూపు లేనివాళ్లు రోడ్డెక్కి నడవాలి. ఇళ్ల మధ్య ఫుట్‌పాత్‌కి అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలంటుంది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అసలే అంత దొరకదు, ఉన్నదాంట్లో మన మెట్లు కూడానా?

అపోహ: పాత గోడ పడగొట్టడం ఎంతసేపు, మొదట్లో తవ్వి తోసేయడమే

అలా తోస్తే ఎటు పడుద్దో ఎవరి చేతుల్లోనూ ఉండదు. పై నుంచి వరస వరస ఊడదీసుకుంటూ రావాలి, ఫుట్‌పాత్‌కి రెండు వైపులా బారికేడ్ పెట్టి, నడిచేవాళ్లకి దారి చూపించడానికి ఒక మనిషిని నిలబెట్టాలి. కొత్త ఇటుకలు, ఇసుక లోపలే దించుకోండి. మెయిన్ రోడ్డు అయితే మేము ఆదివారం తెల్లారకముందే మొదలుపెడతాం, జనం బయటికొచ్చే టైముకి రాళ్లూ రప్పలూ ట్రాక్టర్ ఎక్కేస్తాయి.