కోడులో చేపపిల్ల వేసే ముందు

పిల్లలూ,

కొబ్బరితోట మధ్యగా పోయే కోడులో, అదే ఆ చిన్న నీటి పాయలో, చేపలు వేయవచ్చా అని అడిగారు. వేయవచ్చు, కాని చెరువు లెక్క కోడుకు పనికిరాదు. చెరువులో వేసింది చెరువులోనే ఉంటుంది. కోడులో వేసింది వరద రోజున మురుగు కాలువలోకి, అక్కణ్ణుంచి గోదావరి పాయలోకి పోతుంది. నేల మనదైనా పారే నీళ్లు ఊరందరివీ.

ముందు మే నెల దాకా ఆగండి. సాగు కాలువలకు నీళ్లు ఆపేశాక మిగిలేదే కోడు అసలు లోతు. నాలుగడుగుల మడుగులు రెండైనా నిలవకపోతే పిల్ల వేయొద్దు. లోతు చాలనిచోట నీళ్లు కాగిపోతాయి, కొంగలు మిగిలినవి ఏరుకుంటాయి.

తర్వాత చూడాల్సింది ఊపిరి. నాచు పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తనూ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో అది అతి తక్కువ. మబ్బు పట్టిన మర్నాడు ఉదయం అయిదింటికి గట్టున కూర్చోండి. పరిగెల్లాంటి చిన్న చేపలు పైకి తేలి, మూతులు నీటి అంచుకు ఆనించి గుటకలు వేస్తుంటే ఆ నీళ్లు ఉన్నవాటికే చాలడం లేదన్నమాట. గుర్రపుడెక్క కప్పేసిన చోట ఇది మరీ ఎక్కువ. డెక్క లాగేయండి. గట్టు వెంట గడ్డి మాత్రం చెక్కకండి.

ఆ గడ్డి కొరమీనుది. నీటి మొక్కల మధ్య చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లలు ముద్దగా, మరుగుతున్న నీళ్లలా పైకీ కిందికీ ఆడుతుంటాయి. కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ సమయంలో పెద్దదాన్ని గాలమేసి పట్టారా, పిల్లల ముద్దను మిగతా చేపలు తినేస్తాయి. కొరమీను పైగాలి కూడా పీలుస్తుంది కాబట్టి మన కోడుకు అదే తగిన చేప. కొనక్కర్లేదు, కాపాడితే చాలు.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అలా కావు. అవి వానాకాలపు ఏటి వరదలో గుడ్లు పెట్టే జాతులు, మన కోడులో పిల్లలు పెట్టవు. హేచరీలో గుడ్లు పొదిగించి అమ్మే పిల్లే దిక్కు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదురి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు పీయూషగ్రంథి సారం సూదితో ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించబట్టే ఇవాళ పిల్ల ఇంత తేలిగ్గా దొరుకుతోంది.

ఎన్ని వేయాలి? మన కోడు 300 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అంటే సుమారు 8 సెంట్లు. మేత వేసే చెరువులో ఎకరాకు 2,000 చొప్పున 160 పడతాయి. మేత లేని కోడులో 50 చాలు. తవుడు చల్లకండి, కుళ్లి ఊపిరి తీస్తుంది. వేలెడు పిల్ల కొరమీనుకు మేతే అవుతుంది, 100 గ్రాములు దాటినదే తెండి. తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు. రెండోదాని పెంపకం మన దేశంలో నిషేధం. ఇవి ఒకసారి ఏటిలో పడ్డాయంటే తిరిగి ఏరలేం.

గోదావరి వరదలు తగ్గాక, సెప్టెంబరు చివర్లో వేయండి. ఎండ పొడిచాక, ముదరక ముందు. పిల్ల తెచ్చిన సంచిని విప్పకుండా పావుగంట నీళ్లపై తేలనివ్వండి. విప్పి, కోడు నీళ్లు చెంబుతో కొద్దికొద్దిగా పోస్తూ ఇంకో పావుగంట. ఒక్కసారి కుమ్మరిస్తే వేడి తేడాకే చచ్చిపోతాయి, మనం పిల్ల మంచిది కాదనుకుంటాం.

కింది వైపు వెదురు తడిక నిటారుగా కాక ఏటవాలుగా కట్టండి, చెత్త పైకి జారుతుంది. రోజూ తీయాలి. దోమతెర కట్టకండి, ఒక్క రాత్రిలో పూడి చిరుగుతుంది. వరద వస్తే తడిక తీసేయాలి. చేప పోతే పోయింది, నీళ్లు ఎదురుతన్నితే పైవాళ్ల సార్వా వరి మునుగుతుంది.

అన్నిటికన్నా భయం పురుగుమందు. సైపర్‌మెత్రిన్ లాంటివి నీళ్లలో ఏ కొంచెం కలిసినా చేప బతకదు. పైచేల వాళ్ల దగ్గరికి మీరే వెళ్లి, మందు కొట్టాక కొన్నాళ్లు మడవ తీసి చేని నీళ్లు వదలొద్దని, డబ్బాలు కోడులో కడగొద్దని అడగండి. మర్యాదగా అడిగితే వింటారు.

ఈలోగా ఒక వెదురు కర్రకు అడుగుకో గీత పెట్టి, మూడు చోట్ల లోతు కొలిచి రాసి పంపండి.

మీ తాతయ్య