వాసన కణం ఒక్క జన్యువునే ఎలా ఎంచుకుంటుంది: అపోహలు - వాస్తవాలు

ముక్కు లోపల పైభాగంలో ఉండే వాసన నాడీకణాల మీద పనిచేస్తాను. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ వాసన రిసెప్టర్ల (వాసన అణువులను పట్టే ప్రొటీన్ల) జన్యు కుటుంబాన్ని కనిపెట్టారు, 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. పనిచేసే వాసన రిసెప్టర్ జన్యువులు చిట్టెలుకలో వెయ్యికి పైగా, మనిషిలో 400 దాకా ఉంటాయి. ప్రతి కణంలోనూ అన్నీ ఉంటాయి, వాడుకలో ఉండేది మాత్రం ఒక్కటే. అది కూడా తల్లి వైపు కాపీనో, తండ్రి వైపు కాపీనో, రెండింట్లో ఒకటే. ఈ ఎంపిక గురించి తరచుగా వినపడే పొరపాటు మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: వచ్చే వాసనలను బట్టి కణం తనకు కావలసిన రిసెప్టర్‌ను ఎంచుకుంటుంది.

వాస్తవం: కణం ఎదిగే దశలోనే, వాసన సంగతి తెలియకముందే, ఎంపిక అయిపోతుంది. ముక్కులో కణం ఏ ప్రాంతంలో ఉందో దాన్ని బట్టి కొన్ని జన్యువులకే అవకాశం దక్కుతుంది. ఆ కొన్నింటిలో ఏది అన్నది చాలావరకు యాదృచ్ఛికం. ఒక్క రిసెప్టర్‌కు రంగు వేసిన చిట్టెలుక ముక్కు స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద పెడితే ఇది కళ్లకు కడుతుంది. వందల కణాల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి వెలుగుతుంటాయి. పక్కపక్క కణాలు ఒకే రిసెప్టర్ వాడటం అరుదు. అయినా ఆ చెల్లాచెదురు కణాల తీగలన్నీ మెదడు ముందు భాగంలోని ఆల్‌ఫ్యాక్టరీ బల్బ్‌లో నిర్దిష్టమైన ఒకటి రెండు చోట్లకే చేరతాయి. మెదడు వాసనను పోల్చుకునేది ఈ అమరికతోనే. అందుకే ఒక్కో కణానికి ఒక్క రిసెప్టరే ఉండటం అంత ముఖ్యం.

అపోహ: యాంటీబాడీలు తయారుచేసే కణాల్లాగా ఇవి కూడా డీఎన్‌ఏను కత్తిరించి అతికించుకుంటాయి.

వాస్తవం: చాలాకాలం ఇది గట్టి అనుమానమే. 2004లో రెండు బృందాలు ఎదిగిన వాసన నాడీకణాల కేంద్రకాల నుంచి చిట్టెలుకలను క్లోన్ చేశాయి. డీఎన్‌ఏ శాశ్వతంగా మారి ఉంటే ఆ పిల్లల ముక్కులో ఒకే రిసెప్టర్ రాజ్యమేలాలి. అలా జరగలేదు, రకరకాల రిసెప్టర్లు మామూలుగానే కనిపించాయి. నా దృష్టిలో ఈ రంగంలోని అందమైన ప్రయోగాల్లో ఇదొకటి.

అపోహ: కావలసిన జన్యువు దగ్గర స్విచ్ వేస్తే చాలు, మిగతావి మామూలుగానే ఆగి ఉంటాయి.

వాస్తవం: కణం చేసే అసలు కష్టమంతా మిగతావాటిని ఆపడంలోనే ఉంది. కణం ఎదుగుతుండగా రిసెప్టర్ జన్యువుల మీద వాటిని ఆపి ఉంచే రసాయన గుర్తులు (మూసివేత గుర్తులు) పడతాయి, ఆ జన్యువులన్నీ కేంద్రకంలో గట్టిగా ముద్దకట్టి ఉంటాయి. ఎంపికైన జన్యువు ఒక్కటే ఆ ముద్దలోంచి బయటపడుతుంది. దాని చుట్టూ వేర్వేరు క్రోమోజోమ్‌ల మీది ఎన్‌హాన్సర్లు, అంటే జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ ముక్కలు, వచ్చి గుమిగూడతాయి. ఎల్‌హెచ్‌ఎక్స్2, ఈబీఎఫ్, ఎల్‌డీబీ1 అనే ప్రొటీన్లు వాటిని పట్టి ఉంచుతాయి. క్రోమోజోమ్‌లు ఒకదానితో ఒకటి ఇంతగా కలిసి పనిచేసే సందర్భాలు అరుదు.

మరి రెండోది ఎందుకు తెరుచుకోదు? తయారైన రిసెప్టర్ ప్రొటీనే అడ్డుపడుతుంది. అది తయారవుతున్నప్పుడు కణంలో ఒక ఒత్తిడి సంకేతం పుడుతుంది. ఏటీఎఫ్5 అనే ప్రొటీన్ ద్వారా ఆ సంకేతం ముందుకు సాగి, మూసివేత గుర్తులను తీసేసే ఎల్‌ఎస్‌డీ1 ఎంజైమ్‌ను ఆపేస్తుంది. ఆపైన ఇంకో జన్యువు తెరుచుకునే దారి ఉండదు. ఎంపికైన జన్యువు చెడిపోయినదైతే ప్రొటీన్ రాదు, సంకేతమూ రాదు. కణం ఇంకోదాన్ని ప్రయత్నిస్తుంది. ఎదుగుతున్న కొన్ని కణాల్లో రెండు మూడు రిసెప్టర్ జన్యువులు ఒకేసారి తక్కువ స్థాయిలో కనిపిస్తాయి కూడా. ఒక్కటే మిగలడం ఆ తర్వాతి మాట.

అపోహ: "ఒక కణం, ఒక రిసెప్టర్" సృష్టిలో అందరికీ వర్తించే నియమం.

వాస్తవం: కాదు. ఫెరోమోన్లను (ఒకే జాతి జంతువులు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలను) పసిగట్టే వోమెరోనేసల్ అవయవం చిట్టెలుకలో రెండు పొరలుగా ఉంటుంది. పై పొరలో వీ1ఆర్ అనే రకం రిసెప్టర్లను వాడే కణాలు దాదాపు ఈ నియమాన్నే పాటిస్తాయి. కింది పొరలో వీ2ఆర్ అనే రకాన్ని వాడే కణాలు మాత్రం తమదైన ఒక రిసెప్టర్‌తో పాటు వీ2ఆర్‌లలోనే సీ కుటుంబానికి చెందిన ఇంకోదాన్ని కూడా వాడతాయి. అయితే ఏది దేనితో జతకట్టాలన్నదానికీ పద్ధతి ఉంది. దోమల సంగతి ఇంకా వేరు. ఈడిస్ ఈజిప్టై దోమలో ఒకే నాడీకణం చాలా రిసెప్టర్లను వాడుతుందని 2022లో బయటపడింది.

అపోహ: మనిషికీ ఇలాంటి ఫెరోమోన్ కణాలున్నాయి, సెంట్లు వాటి మీదే పనిచేస్తాయి.

వాస్తవం: ఆ కణాల సంకేతానికి కావలసిన టీఆర్‌పీసీ2 జన్యువు మనలో చెడిపోయింది. వీ2ఆర్ జన్యువులూ అంతే. పెద్దవాళ్లలో మిగిలిన ఆ అవయవపు ఆనవాలుకు మెదడుతో సంబంధం కనిపించదు.

అపోహ: కోవిడ్‌లో వాసన పోయింది వైరస్ నాడీకణాలను చంపేయడం వల్లే.

వాస్తవం: వైరస్ ముఖ్యంగా సోకేది నాడీకణాలకు ఆసరాగా ఉండే పక్క కణాలకు. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, హామ్‌స్టర్లలోనూ చనిపోయిన రోగుల కణజాలంలోనూ, వైరస్ సోకని నాడీకణాల్లో కూడా రిసెప్టర్ జన్యువుల పని బాగా పడిపోయింది. కేంద్రకంలో క్రోమోజోమ్‌లు గుమిగూడే ఆ అమరికే చెదిరిపోయింది. అంటే కణం బతికి ఉన్నా అది ఎంచుకున్న జన్యువు మూగబోతే వాసన తెలియదు. చనిపోయిన వాసన కణాల స్థానంలో మూలకణాల నుంచి కొత్తవి పుడతాయి, ప్రతి కొత్త కణమూ ఈ ఎంపికను మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే.