బంగారు సింహం కోతికి అడవి బాట: అపోహలు – వాస్తవాలు

గోల్డెన్ లయన్ టమరిన్ అరకిలో దాటి కాస్త బరువుండే కోతి. బ్రెజిల్‌లో రియో డి జనీరో రాష్ట్రపు అట్లాంటిక్ అడవి తప్ప దానికి మరో సొంత చోటు లేదు. ఆ అడవి ఇప్పుడు ముక్కలు ముక్కలు. మధ్యలో పశువుల బీళ్లు.

అపోహ: రెండు అడవుల మధ్య చెట్లు నాటితే కారిడార్ (కోతులు అటూ ఇటూ వెళ్లే అడవి బాట) అయిపోయినట్టే.

వాస్తవం: నాటడం మొదలు మాత్రమే. కిలోమీటరు పొడవు, 100 మీటర్ల వెడల్పు బాట అంటే 10 హెక్టార్లు. 3×2 మీటర్ల ఎడంతో దానికి దాదాపు 16,700 మొక్కలు కావాలి. వాటికి పెద్ద శత్రువు బ్రకియారియా గడ్డి. మేత కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన ఈ గడ్డి మొక్కను మించి పెరిగి వెలుతురు దక్కనివ్వదు. ఎండినప్పుడు నిప్పు అందుకునేదీ అదే. ఇక ఆకులు కత్తిరించే చీమలు పడితే తెల్లారేసరికి మొక్క పుల్లలా మిగులుతుంది. అందుకే ముందు గడ్డి తీసి, చీమల పుట్టల సంగతి చూసి, వానలు మొదలయ్యే అక్టోబరు-నవంబరులో నాటాలి. చుట్టూ ఫైర్ లైన్ (మంట పాకకుండా గడ్డి తీసేసిన పట్టీ) వేయాలి. చచ్చిన మొక్కల చోట కొత్తవి పెట్టాలి. పాదుల్లో కలుపు రెండు మూడేళ్లు తీస్తూనే ఉండాలి. ఎంబావుబా, ఇంగా లాంటి చెట్లు త్వరగా ఎదిగి నీడ కమ్మితే గడ్డి తనంతట తానే చస్తుంది. జుసారా తాటి జాతి మొక్కను ఆ నీడ వచ్చాకే నాటాలి, ఎర్రటి ఎండలో అది నిలవదు.

అపోహ: వాగు గట్టున చెట్ల వరుస ఉంటే చాలు.

వాస్తవం: పది మీటర్ల లోపు వెడల్పున్న వాగుకు చట్టం అడిగేది ఒక్కో గట్టున 30 మీటర్లు. ఆ సన్నని పట్టీలోకి రెండు వైపుల నుంచీ ఎండ, గాలి, గడ్డి చొరబడతాయి. అట్లాంటిక్ అడవి ప్రాంతంలో రైతు తన భూమిలో 20 శాతం అడవిగా ఉంచాలి కాబట్టి, ఆ భాగాన్ని గట్టుకు ఆనించి పెట్టమని ఒప్పించడం మేలైన దారి. పొరుగు రైతు భాగం కూడా దానికి కలిసేలా చూడాలి. పటం గీసేటప్పుడే ఈ మాట తేలకపోతే బాట మధ్యలో తెగిపోతుంది.

అపోహ: చెట్లు పెరగగానే కోతులు అక్కడే కాపురం పెడతాయి.

వాస్తవం: రాత్రికి వాటికి చెట్టు తొర్ర కావాలి. లేత చెట్లకు తొర్రలుండవు. చాలా ఏళ్లపాటు అది దారి మాత్రమే. బీఆర్-101 రహదారి మీద కోతులు దాటేందుకు కట్టి 2020లో పూర్తిచేసిన పచ్చని వంతెన కూడా అంతే: దాని మీద నాటిన మొక్కలు ఎదిగి అటూ ఇటూ అడవితో కలిశాకే అది సరైన దారి అవుతుంది.

అపోహ: అడవులు కలిపితే జబ్బులు పాకుతాయి, విడిగా ఉంచడమే క్షేమం.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. ఎల్లో ఫీవర్ దెబ్బకు 2014లో 3,700గా లెక్కించిన ఈ కోతుల సంఖ్య 2019కి 2,500కు పడింది. కానీ ఆ జబ్బును మోసేది దోమ, బీడు దానికి అడ్డం కాదు. జబ్బుకు విరుగుడు టీకా, కోతులను పట్టి దాన్ని వాటికి వేస్తున్నారు. ఖాళీ అయిన అడవి ముక్కలోకి పక్క గుంపులో ఎదిగిన కోతులు వెళ్లి చేరాలంటే మాత్రం కొమ్మ కొమ్మనూ కలిపే దారి కావాలి.