ఎర్రమట్టి దిబ్బల ప్రశ్నకు బేతంచెర్ల గుహల్లో జవాబు

విశాఖ నుంచి భీమిలికి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బల చర్చ మళ్లీ రాజుకుంది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో వాటికి చోటు దక్కింది. దాంతో రక్షణ హద్దు ఎక్కడి వరకు ఉండాలన్న పాత ప్రశ్నకు కొత్త బరువు వచ్చింది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు రావడం, 2024 జులైలో దిబ్బలను ఆనుకున్న స్థలంలో యంత్రాలు నేల చదును చేస్తుంటే నిరసనలు రేగి పనులు ఆగడం విశాఖవాసులకు తెలిసిన సంగతులే.

ఆ పక్క భూమిలో ఇళ్ల స్థలాలు కోరేవారు చెప్పేది క్లుప్తంగా ఇదీ: గుర్తించిన హద్దు లోపలి భాగాన్ని కాపాడండి, బయట ఉన్నది ఉత్త ఇసుకే. అందులో ఎముకలు లేవు, శిలాజాలు లేవు. వాతావరణం ఎప్పుడూ మారుతూనే వచ్చింది, ప్రకృతి దానికదే సర్దుకుంటుంది.

ఈ వాదన నిలుస్తుందో లేదో తేలాలంటే 1886కి వెళ్లాలి. ఆ ఏడాది భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ ప్రచురణల్లో మన నేలకు సంబంధించి రెండు రచనలు వెలువడ్డాయి. ఒకటి విశాఖపట్నం జిల్లా భూస్వరూపంపై విలియం కింగ్ రాసిన నివేదిక. తీరంలోని ఎర్రని నిక్షేపాల తొలి ప్రస్తావన అందులోనే ఉంది. రెండోది రిచర్డ్ లిడెక్కర్ రాసిన కర్నూలు గుహల జంతుజాల వివరణ. బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వి తీసిన ఎముకలు దానికి ఆధారం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవకపోవడమే నేటి గందరగోళానికి మూలమని నా అభిప్రాయం.

ఎందుకంటే ఒకచోట లేనిది మరోచోట ఉంది. దిబ్బల ఇసుక వదులుగా ఉంటుంది. వాననీరు గింజల మధ్య నుంచి ఇంకుతూ, వాటి చుట్టూ ఇనుము ఆక్సైడు పూతను పెంచుతూ వచ్చింది. ఆ ఎరుపు అలా వచ్చిందే. అలాంటి నేలలో ఎముక వేల ఏళ్లు నిలవడం కష్టం. సున్నపురాతి గుహలో ఎముకకు కావలసిన రక్షణ దొరుకుతుంది. దిబ్బల్లో ఎముకలు లేవంటే అక్కడ జీవం లేదని అర్థం కాదు.

దిబ్బలు చెప్పేది గాలి, సముద్రం కథ. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం పతాక స్థాయిలో, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. బయటపడిన సముద్రపు అడుగు నుంచి గాలి ఇసుకను లోపలికి మోసుకొచ్చిందన్నది దిబ్బల పుట్టుకకు ఇచ్చే ప్రధాన వివరణ. రుతుపవనాలు బలహీనపడిన ఆ కాలంలో ఇక్కడి జంతువులు ఏమయ్యాయి? దీనికి జవాబు గుహల్లోనే వెతకాలి.

లిడెక్కర్ జాబితాలో నీల్గాయి, కృష్ణజింకలతోపాటు ఖడ్గమృగం, ఆఫ్రికా జంతువులను పోలినవి కూడా ఉన్నాయి. పొరల వయసు తేల్చే సాధనం ఆయన కాలంలో లేదు. అందువల్ల ఒకప్పటి దక్కను వేరే లోకమని, వాతావరణం మారగానే ఆ లోకం తుడిచిపెట్టుకుపోయిందని అనుకోవడానికి వీలు దొరికింది. ప్రకృతి సర్దుకుంటుందన్న నేటి మాటకు ఈ పాత ఊహకు చుట్టరికం ఉంది: రెండూ అంతా వాతావరణానికే వదిలేస్తాయి, నేలను లెక్కలోకి తీసుకోవు.

2014లో ఆ ఊహ తలకిందులైంది. ప్యాట్రిక్ రాబర్ట్స్, రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరుల బృందం బిలస్వర్గం పొరల వయసును ఆధునిక పద్ధతుల్లో లెక్కగట్టి, ఎముకలను కొత్తగా పరిశీలించింది. గుర్తించిన 21 రకాల పెద్ద క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా, కొన్ని రెండు లక్షల ఏళ్ల వరకు, నిలిచి నేటికీ ఉపఖండంలో ఉన్నాయి. పోయింది ఒక్కటే: గడ్డి మీద బతికే గెలాడా కోతికి దగ్గరి బంధువు. ఇప్పుడు గెలాడాలు ఇథియోపియా ఎత్తైన ప్రాంతాల్లో మాత్రమే ఉన్నాయి. ఇదే కాలంలో అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు గుంపులుగా అంతరించాయి. ఇక్కడ రుతుపవనాలు ఎన్నోసార్లు బలపడి, బలహీనపడ్డాయి, మనుషులూ ఉన్నారు. అయినా జంతువులు నిలిచాయి.

ఎలా నిలిచాయన్నదే ఈ కథలో కీలకం. అడవి, గడ్డినేల, కొండ, నీటి ఒడ్డు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండడం వల్ల, ఒకచోట కరవొస్తే మరోచోటికి వెళ్లే దారి జంతువులకు మిగిలిందని ఆ పరిశోధకులు వివరించారు. పంటి పింగాణీలో, అంటే పన్ను గట్టి పైపొరలో, అలాంటి బతుకుల లెక్క భద్రంగా ఉంటుంది. చెట్ల ఆకులు తిన్న జంతువు పంటిలో కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల) నిష్పత్తి ఒకలా, ఉష్ణమండలపు గడ్డి తిన్నదానిలో మరోలా ఉంటుంది. హిమాలయ పాదాల్లోని శివాలిక్ కొండల్లో దాదాపు 70 లక్షల ఏళ్ల కిందట అడవి తగ్గి గడ్డి విస్తరించిన సంగతి ఇలాంటి దంతాలు, పాత నేలల నుంచే తెలిసింది. ఒక్క పన్ను చాలు, ఆ జంతువు ఏ పచ్చదనం తిని బతికిందో చెప్పడానికి.

దీన్ని విశాఖకు అన్వయిస్తే, హద్దు లోపలి ఇసుకా బయటి ఇసుకా వేరన్న వాదన బలహీనపడుతుంది. గాలి పేర్చిన ఇసుక మేటను, దాన్ని కోసిన వాగులను సర్వే రాళ్లు విడదీయలేవు. ఎగువన నేలను చదును చేస్తే వాననీటి దారి మారుతుంది, దిగువనున్న దిబ్బ తెగుతుంది. ఇవతల చిరుతలు తిరిగే కంబాలకొండ, కొండల మధ్య పొదలు, అవతల తీరం: ఈ కలగలుపు నగరం పెరిగేకొద్దీ ముక్కలవుతోంది. కనీసం లక్ష ఏళ్లపాటు జంతువులను కాపాడింది అచ్చంగా ఇలాంటి కలగలుపే.

స్థలం కేటాయింపులు పొందినవారికి న్యాయం జరగాలి; వారికి మరోచోట భూమి ఇవ్వడం ప్రభుత్వం చేయగల పని. దిబ్బలను మరోచోటికి మార్చలేం. కాబట్టి యునెస్కో తుది ప్రతిపాదన తయారయ్యేటప్పుడు, గుర్తించిన ప్రాంతం చుట్టూ, దాని వైపు వాననీరు పారే నీటివాలు మొత్తాన్ని కలుపుకుని రక్షణ వలయం గీయాలి. ఆ గీత గీసేదాకా ఆనుకున్న స్థలాల్లో ఏ యంత్రానికీ అనుమతి ఇవ్వకూడదు.