ఛారిటీ షాపులో కోటు కొంటే వీసాకేమీ కాదు

ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఛారిటీ షాపు మాది, అంటే జనం దానంగా ఇచ్చిన పాత సామాను అమ్మే షాపు. నడిపేవాళ్ళమంతా వాలంటీర్లమే. శనివారం కౌంటర్ నాది. అక్టోబర్ చలి మొదలైందంటే మన స్టూడెంట్లు వస్తారు, వచ్చి అదే ప్రశ్న అడుగుతారు.

మొన్న ఒకబ్బాయి నీలం ఉన్ని కోటు మూడుసార్లు తొడుక్కుని, మూడుసార్లూ మళ్ళీ హ్యాంగర్‌కి తగిలించేశాడు. రేటు 9 పౌండ్లు. చివరికి దగ్గరకొచ్చి, "అక్కా, ఇక్కడ కొంటే పబ్లిక్ ఫండ్స్ కిందకి వస్తుందటగా? వీసాకి ప్రాబ్లమని రూమ్మేట్స్ అన్నారు" అన్నాడు మెల్లగా.

అపోహ: ఛారిటీ షాపులో కొంటే ప్రభుత్వ సాయం తీసుకున్నట్టే.

వాస్తవం: కాదు, కాదు, కాదు. పబ్లిక్ ఫండ్స్ అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తీసుకోకూడని ప్రభుత్వ సాయం: యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే డబ్బు), చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ఇచ్చేది), కౌన్సిల్ ఇల్లు (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇల్లు) లాంటివి. డబ్బులిచ్చి కోటు కొంటే అది కొనడమే. మా బిల్లు మీద మీ పేరు కూడా ఉండదు. ఈ పుకారు పుట్టించిందెవరో గానీ, దీన్ని నమ్మి పిల్లలు పార్ట్‌టైమ్ డబ్బంతా పోసి కొత్త జాకెట్ కొంటున్నారు, లేదా పల్చటి స్వెటర్‌తో బస్టాపులో వణుకుతున్నారు.

ఇంకొందరికి ఇంకో టెన్షన్: "పేదవాళ్ళ కోసం పెట్టిన షాపు కదా, మనం కొంటే వాళ్ళది లాక్కున్నట్టు కాదా?" బాబూ, ఇక్కడ ఏదీ ఉచితంగా పంచం. అమ్మగా వచ్చిన డబ్బు, అద్దె, కరెంటు పోను, మా ఊరి హాస్పిస్‌కి వెళ్తుంది. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే చోటది, పేషెంట్ల దగ్గర పైసా తీసుకోరు. మీరు కొనకపోతే ఆ కోటు కొన్ని వారాలు అలాగే వేలాడుతుంది. తర్వాత దించేసి పాతబట్టల వ్యాపారికి కిలోల లెక్కన వేసేస్తాం. 9 పౌండ్లు రావాల్సిన చోట చిల్లర వస్తుంది.

పోయినవాళ్ళ బట్టలా? కొన్ని అవే, దాచను. ఆ నీలం కోటు తెచ్చిన పెద్దావిడ అది తన భర్తదని చెప్పింది. జేబులు వెతకడం నా పని. పిప్పరమెంటు కాగితం, బస్ టికెట్ దొరికాయి. స్టీమర్ పట్టి, ట్యాగ్ కొట్టి పెట్టాం. ఇదంతా ఆ అబ్బాయికి చెప్పలేదు, అతను అడగలేదు. కోటు మాత్రం వేసుకునే వెళ్ళాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సామాను ఇచ్చేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్‌కి (దానం మీద ప్రభుత్వం ఛారిటీకి టాక్స్ తిరిగిచ్చే పద్ధతి) సంతకం పెడితే జీతంలో కోస్తారా? కోయరు. మీ సామాను 10 పౌండ్లకి అమ్ముడైతే, మీరు కట్టిన టాక్స్‌లోంచి ఇంకో రెండున్నర మాకొస్తుంది. అంత టాక్స్ కట్టని స్టూడెంట్లు మాత్రం పెట్టొద్దు, తేడా మిమ్మల్నే కట్టమంటారు. మంచివన్నీ వాలంటీర్లు దాచుకుంటారా? మా దగ్గర నేను కొనాలన్నా రేటు వేరేవాళ్ళే వేయాలి. ఏదిచ్చినా పనికొస్తుందా? రాదు. పిల్లల కారు సీట్లు, హెల్మెట్లు తీసుకోం, అవి ఏ యాక్సిడెంట్‌లో దెబ్బతిన్నాయో మాకు తెలీదు. మంట త్వరగా అంటుకోదని చెప్పే ఫైర్ లేబుల్ లేని సోఫా అమ్మం. రాత్రిపూట తలుపు ముందు సంచులు పడేసి పోకండి. వానకి తడిసినవి పొద్దున్నే చెత్తలో వేసేది నేను, ఆ చెత్త తీయించడానికి పోయేది హాస్పిస్ డబ్బు.